నాలుగు గుంటల యార్క్‌షైర్ పుడ్డింగ్ ట్రే, ఏడాది వాడాక

ఈ ట్రే కొని ఏడాది దాటింది. కొన్న రెండు వారాలకే రాద్దామనుకున్నా గానీ కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి కదా అని ఆగాను, ఇప్పుడు నెలకి మూడు ఆదివారాల చొప్పున ఓవెన్‌లోకి వెళ్ళి వెళ్ళి దాని సంగతి మొత్తం తెలిసిపోయింది కాబట్టి రాస్తున్నా. మేం ఉండేది ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ ప్రాంతంలోని లీడ్స్‌లో, టౌన్‌లో గిన్నెలూ చాకులూ అమ్మే ఒక పాతకాలపు చిన్న షాపులో 7 పౌండ్లకి కొన్నాను. చూస్తే మన గుంటపొంగణాల పెనం గుర్తొస్తుంది, కాకపోతే ఇందులో గుంటలు నాలుగే, ఒక్కోటి అరచెయ్యంత వెడల్పు, లోతు మాత్రం అంగుళం లోపే. నల్లటి స్టీలు, పైన నాన్‌స్టిక్ కోటింగ్, చేతిలోకి తీసుకుంటే కాస్త బరువుగా తగులుతుంది. ఆ బరువే దీని అసలు గొప్పతనం, ఎందుకో తర్వాత చెప్తా.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ముందు ఒక మాట. పుడ్డింగ్ అంటే మనకి తియ్యటి వంటకమే గుర్తొస్తుంది, ఇది అది కాదు. మైదా, గుడ్లు, పాలు, ఉప్పు, అంతే, ఈ నాలుగూ కలిపిన పల్చటి పిండిని సలసలా కాగుతున్న నూనెలో పోసి ఓవెన్‌లో పెడితే అంచులు పైకి లేచి కరకరలాడుతూ, మధ్యలో గుంటలా దిగి మెత్తగా, బంగారు రంగు దొప్పలా తయారవుతుంది. ఆదివారం మధ్యాహ్నం రోస్ట్ భోజనంలో మాంసం, వేయించిన బంగాళాదుంపలు, ఉడికించిన కూరగాయల పక్కన దీన్ని పెడతారు, పైనుంచి గ్రేవీ పోస్తారు. రుచి చెప్పమంటే గుడ్డు వాసన లేని ఆమ్లెట్‌కీ మెత్తటి రొట్టెకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది అనొచ్చు గానీ ఆ మాట కూడా సరిపోదు, తిని చూడాల్సిందే.

నేను మొదటిసారి తిన్నది ఇక్కడికొచ్చిన మొదటి చలికాలంలో, హావర్త్ వైపు కొండల్లో నడిచి నడిచి చెవులు గడ్డకట్టి ఒక ఊరి పబ్‌లో దూరాం. ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు మండుతున్నాయి, వెజిటేరియన్ రోస్ట్ తీసుకుంటే ప్లేట్ మీద కూరలన్నిటినీ కప్పేస్తూ గిన్నెంత పుడ్డింగ్ ఒకటి వచ్చింది. దాని అంచు విరిస్తే అప్పడం విరిగినట్టు చప్పుడైంది, అడుగు భాగం మాత్రం గ్రేవీ తాగేసి నోట్లో కరిగిపోయింది. ఒకే వస్తువులో ఈ రెండూ ఎలా కుదిరాయి అని ఆ రోజు దారంతా ఆలోచిస్తూనే వచ్చాను. తర్వాత చాలా చోట్ల తిన్నాను, అన్నీ అలా ఉండవు. ఒక పేరున్న చోట పొద్దున చేసి దీపాల కింద వేడిగా ఉంచిన పుడ్డింగ్ పెట్టారు, నమిలితే చెప్పు తోలులా సాగింది, మనిషికి 18 పౌండ్లు ఇచ్చి అది తినాలంటే నిజంగా బాధేసింది. అప్పుడే ఇంట్లో చేసుకుందామని గట్టిగా అనుకున్నా.

మొదట నా దగ్గరున్న 12 గుంటల మఫిన్ ట్రేలోనే చేశాను. మూడు సార్లు చేస్తే మూడు సార్లూ చెడిపోయింది. ఒకసారి లేవనే లేదు, చిన్న చిన్న ఇడ్లీల్లా అడుగున కూర్చుండిపోయాయి. రెండోసారి లేచాయి గానీ ఎలా ఉన్నాయో చూద్దామని మధ్యలో ఓవెన్ తలుపు తీశాను, కళ్ళముందే ఒక్కొక్కటీ కూలిపోయాయి. మూడోసారి పొడుగ్గా పుట్టగొడుగుల్లా లేచాయి కానీ మధ్యలో గుంట లేదు, గ్రేవీ పోస్తే పక్కలకి జారిపోయింది. గ్రేవీ నిలవని పుడ్డింగ్ ఎందుకు? నా లెక్కలో ఇది మాంసం పక్కన పెట్టే తోడు వంటకం కానే కాదు, గ్రేవీని మొయ్యడానికి చేసిన పాత్ర, కాకపోతే ఆ పాత్రని కూడా తినేస్తాం.

మా పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి, బార్న్‌స్లీ దగ్గర పుట్టి పెరిగారట, అందర్నీ లవ్ అనే పిలుస్తారు. నా గోడు విని ఆవిడ వంటింట్లోకి తీసుకెళ్ళి వాళ్ళమ్మ వాడిన ట్రే చూపించారు, నలుపెక్కి నిగనిగలాడుతోంది, నాలుగే గుంటలు. "కొలతలతో పని లేదు లవ్, ట్రే బరువుగా ఉండాలి, నూనె పొగ రావాలి, తలుపు తియ్యకూడదు" అన్నారు. అంతే ఆవిడ చెప్పింది. మర్నాడే వెళ్ళి ఈ ట్రే కొన్నా.

ఇప్పుడు బరువు సంగతి. ఈ పిండిలో బేకింగ్ పౌడర్ లేదు, ఈస్ట్ లేదు, పొంగించేదల్లా ఆవిరే. పాలల్లో, గుడ్లలో ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై పిండిని పైకి తోస్తుంది, ఆ ఆవిరి జారిపోయేలోపు గుడ్డులోని ప్రొటీనూ మైదాలోని గ్లూటెనూ గట్టిపడి గోడ కట్టేయాలి. ఈ రెండూ ఒకేసారి జరగాలంటే ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పిండి పడినా ట్రే వేడి తగ్గకూడదు. పల్చటి ట్రే అయితే పిండి పడగానే చల్లారిపోతుంది, మన దోశ పెనం పల్చగా ఉంటే రెండో దోశకే తేడా వచ్చేస్తుంది చూడండి, అదే సంగతి. ఈ బరువు ట్రేలో పిండి పోస్తుంటేనే చుయ్‌మని అంచులు వెంటనే పట్టుకుని గుంట గోడల వెంట పైకి పాకడం మొదలెడతాయి, మధ్యలో పిండి మందంగా, తడిగా ఉంటుంది కాబట్టి అది కిందే ఉండిపోతుంది, అలా దొప్ప ఆకారం వస్తుంది. గుంట వెడల్పుగా, లోతు తక్కువగా ఉండటం వల్లే ఇది కుదురుతుంది, మఫిన్ ట్రేలో రాకపోవడానికి కారణం ఇదేనని నాకు ఈ ట్రే కొన్నాకే అర్థమైంది.

నేను చేసే పద్ధతి చెప్తా. నాలుగు గుడ్లు ఒక కొలత జగ్గులో కొట్టి ఎంత వచ్చిందో చూస్తాను, దాదాపు 200 మిల్లీలీటర్లు వస్తాయి, అంతే కొలత మైదా, అంతే కొలత పాలు. తూకం వేసే అలవాటున్నవాళ్ళకి మైదా 140 గ్రాములు వేసినా బాగానే వస్తుంది, నేను రెండూ చేశాను. ఇక్కడ ప్లెయిన్ ఫ్లోర్ అని అమ్మేదే వాడాలి, సెల్ఫ్ రైజింగ్ వాడితే ఇంకా పొంగుతుంది అనుకుంటాం గానీ సరిగ్గా లేవదు, నేను చేసి చూశాను. ఉండలు లేకుండా గిలక్కొట్టి, ఉప్పు వేసి, కనీసం అరగంట, వీలైతే శనివారం రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. నానిన పిండికీ అప్పటికప్పుడు కలిపిన పిండికీ తేడా నాలుక మీద తెలుస్తుంది, నానినది మెత్తగా, రుచిగా, లేచేటప్పుడు సమంగా లేస్తుంది. ఈ కొలతకి రెండు దఫాలకి సరిపడా పిండి వస్తుంది.

ఓవెన్ 220 డిగ్రీలు పెట్టి, ఒక్కో గుంటలో రెండు టీస్పూన్ల సన్‌ఫ్లవర్ నూనె వేసి, ఖాళీ ట్రేని పది పన్నెండు నిమిషాలు లోపల ఉంచుతాను, నూనె మీద సన్నటి పొగ కనపడాలి. ఆలివ్ ఆయిల్, వెన్న పనికిరావు, ఆ వేడికి మాడిపోతాయి. తీసి, తలుపు వెంటనే మూసి, పిండి గబగబా పోసి, మళ్ళీ లోపల పెట్టి ఇరవై నిమిషాలు దాని జోలికి వెళ్ళను, తర్వాత రంగు చూసి ఇంకో ఐదు నిమిషాలు. చాలామంది రంగు రాగానే తీసేస్తారు, తియ్యకండి, లేత రంగులో తీస్తే బయటికొచ్చాక కుంగిపోతాయి. బాగా ఎర్రబడాలి, అంచుల కొసలు కాస్త నల్లబడ్డా పర్లేదు.

మా బాబుకి ఎనిమిదేళ్ళు, ప్రతి ఆదివారం స్కూల్ స్కేలు పట్టుకుని ఓవెన్ ముందు కూర్చుంటాడు. దానికో కారణం ఉంది, 2008లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ వాళ్ళు నాలుగు అంగుళాల ఎత్తు లేనిది అసలు యార్క్‌షైర్ పుడ్డింగే కాదని ప్రకటించారు. ఒక దేశపు కెమిస్ట్రీ సొసైటీ కూర్చుని పుడ్డింగ్ ఎత్తు తేల్చిందంటే ఇక్కడి వాళ్ళకి దాని మీద ఎంత ప్రేమో చూడండి. మా ట్రేలో మామూలుగా మూడున్నర దగ్గర ఆగుతుంది, శనివారం రాత్రి పిండి నానబెట్టిన వారాల్లో నాలుగు దాటుతుంది, ఒక్కసారి నాలుగున్నర వచ్చింది, ఆ తేదీ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకున్నాడు.

నిజానికి మొదట్లో ఇది పొంగేది కూడా కాదట. పూర్వం ఇనప చువ్వకి మాంసం గుచ్చి మంట ముందు తిప్పుతూ కాల్చేవాళ్ళు, కారే కొవ్వు వృథా పోకుండా కింద వెడల్పాటి పళ్ళెంలో పిండి పోసి పెట్టేవాళ్ళు, కొవ్వు దాని మీద పడుతూ ఉడికేది, ముక్కలుగా కోసుకుని తినేవాళ్ళు. 1737లో అచ్చయిన వంట విధానంలో దీని పేరు డ్రిప్పింగ్ పుడ్డింగ్ అనే ఉంది, పదేళ్ళ తర్వాత 1747లో హానా గ్లాస్ తన వంటల పుస్తకంలో యార్క్‌షైర్ పేరు పెట్టి రాశారు. మాంసం ఖరీదు కాబట్టి ముందు పుడ్డింగూ గ్రేవీ పెట్టి కడుపు నింపేసేవాళ్ళు, అప్పుడు కాస్త మాంసంతోనే ఇంటిల్లిపాదికీ సరిపోయేది. ఎవరు పుడ్డింగ్ ఎక్కువ తింటే వాళ్ళకే మాంసం ఎక్కువ అని పిల్లలకి చెప్పేవాళ్ళట, తిన్నాక ఇంకా మాంసం తినే చోటెక్కడిది. మా పక్కింటావిడ ఇప్పటికీ పుడ్డింగ్‌ని విడిగా, ముందే తింటారు, వేరే ప్లేట్‌లో, ఉల్లిపాయ గ్రేవీతో. నేనూ అలా తిన్నాక అదే సరైన పద్ధతి అనిపించింది, రోస్ట్ ప్లేట్‌లో అన్నిటి మధ్యా పెడితే సగం రుచి పోతుంది.

మనవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. సంప్రదాయంగా దీన్ని బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు మాంసం కొవ్వులో చేస్తారు. పబ్బుల్లో చాలా చోట్ల ఇప్పటికీ అంతే, గ్రేవీ కూడా బీఫ్ రసంతోనే ఉండొచ్చు, కాబట్టి ఆ పట్టింపు ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా పుడ్డింగ్ దేంట్లో చేశారు, గ్రేవీ దేంతో చేశారు అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి, ఒకటి అడిగి ఊరుకోవద్దు. నేనడిగిన ప్రతి చోటా వంటింట్లోకి వెళ్ళి కనుక్కొచ్చి మరీ చెప్పారు, ఎవరూ విసుక్కోలేదు. ఇంట్లో అయితే ఆ బెంగే లేదు, నూనెలో చేసినా కరకరకి లోటేం లేదు.

నా గ్రేవీ: మూడు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి కాస్త వెన్నలో సన్నసెగ మీద అరగంట వేయించాలి, తేనె రంగు రావాలి, తొందరపడితే చేదెక్కుతుంది. ఒక స్పూను మైదా చల్లి, వెజిటబుల్ స్టాక్, అంటే కూరగాయలు మరిగించిన రసం, పోసి మరిగించి, చివర్లో హెండర్సన్స్ రెలిష్ రెండు స్పూన్లు వేస్తాను. అది షెఫీల్డ్‌లో 1885 నుంచి తయారవుతున్న సాస్, నారింజ రంగు లేబుల్ సీసా, పుల్లగా కారంగా మసాలా వాసనతో ఉంటుంది, వూస్టర్ సాస్‌లో చేపలు ఉంటాయి, ఇందులో ఉండవు. మన నాలుకకి గ్రేవీ ఎప్పుడూ కాస్త చప్పగా అనిపిస్తుంది కదా, ఈ సాస్ వేస్తే ఆ లోటు తీరిపోతుంది.

వేసవిలో మా అత్తయ్య మూణ్ణెల్లు ఉండి వెళ్ళారు. మొదటి ఆదివారం ట్రే చూసి పొంగణాలు వేస్తున్నావా అమ్మా అన్నారు, కాదు చూడండి అని ఓవెన్ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టా. అద్దంలోంచి అవి లేస్తుంటే ఆవిడ మొహం చూడాలి, పూరీ పొంగుతుంటే పసిపిల్లలు చూస్తారే అలా చూశారు. బయటికి తీయగానే "ఇదేంటమ్మా, ఇంత పొంగి మధ్యలో కుంగిపోయింది?" అన్నారు. "అక్కడే పులుసు పోసుకోవాలి అత్తయ్యా" అన్నా. గ్రేవీ పోసి ఇచ్చాను, మొదటి ముద్ద తిని ఏమీ అనలేదు, రెండో పుడ్డింగ్ మాత్రం తనే అడిగి వేయించుకున్నారు. తర్వాతి వారం పిండిలో కాస్త జీలకర్ర, పచ్చిమిర్చి వెయ్యమన్నారు. వేశాను, బాగానే ఉంది, కానీ నాకు మామూలుదే ఇష్టం, దీని రుచంతా ఆ సాదాతనంలోనే ఉంది, కారం గ్రేవీలో ఉండనివ్వాలి.

ట్రేలో లోపాలు లేవని కాదు. మొదటిది, పక్కన పట్టుకోవడానికి పిడి గానీ వెడల్పు అంచు గానీ లేదు, కాగుతున్న నూనెతో ఉన్న ట్రేని మందపాటి గ్లవ్స్‌తో పట్టుకుంటే బొటనవేలు గుంటలోకి వెళ్తుందేమోనని భయం. ఒకసారి నూనె తొణికి ఓవెన్ అడుగున పడి ఇల్లంతా పొగ, ఫైర్ అలారం మోగింది. అప్పట్నుంచీ కింద ఒక పెద్ద బేకింగ్ ట్రే పెట్టి దానితో సహా తీస్తున్నా, పిల్లలున్న ఇంట్లో తప్పకుండా అలాగే చెయ్యండి. రెండోది కోటింగ్. ఫోర్కుతో తియ్యబోయి ఒక గుంటలో గీత పడింది, ఆ గుంటలో పుడ్డింగ్ ఇప్పుడు కాస్త అంటుకుంటోంది, చెక్క గరిటె వాడాల్సింది. మూడోది, సింకులో రాత్రంతా నానబెడితే అంచుల్లో తుప్పు వచ్చింది, నూనె రాసి ఓవెన్‌లో వేడి చేస్తే పోయింది. డిష్‌వాషర్‌లో వెయ్యకండి. వేడి నీళ్ళతో కడిగి, తుడిచి, ఇంకా వేడిగా ఉన్న ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెట్టేస్తే చాలు, మన ఇనప పెనాన్ని చూసుకున్నట్టే చూసుకోవాలి. కోటింగ్ లేని ఉత్త స్టీలు ట్రే దొరికితే ఇంకా మంచిది, పక్కింటావిడ ట్రే అన్నేళ్ళు నిలిచిందంటే అందుకే.

ఫ్రోజెన్‌వి దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకు అని మా ఆయన మొదట్లో అనేవారు. దొరుకుతాయి, ఏ సూపర్‌మార్కెట్‌లో అయినా ఉంటాయి, హల్‌లో తయారయ్యే ఆంట్ బెస్సీస్ ప్యాకెట్ మా ఫ్రీజర్‌లోనూ ఉంటుంది, పని రోజున ఆఫీసు నుంచొచ్చి నాలుగైదు నిమిషాల్లో పిల్లలకి పెట్టడానికి అది నాకు చాలా సాయం. కానీ ఆదివారం ఇల్లంతా ఆ పిండి కాలే వాసన రావడం, నలుగురూ ఓవెన్ చుట్టూ చేరడం ప్యాకెట్‌తో రాదు. యార్క్ వెళ్ళినప్పుడు యార్క్ రోస్ట్ కంపెనీ వాళ్ళ పుడ్డింగ్ ర్యాప్ కూడా తిన్నాం, 2017లో దేశమంతా దాని గురించే మాట్లాడుకున్నారు, పెద్ద పుడ్డింగ్‌ని చపాతీలా వత్తి లోపల టర్కీ, బంగాళాదుంప, బ్రెడ్డు పొడితో చేసే స్టఫింగ్, గ్రేవీ పెట్టి చుట్టి ఇస్తారు, నిలబడి తింటుంటే మోచేతుల దాకా కారుతుంది. ఆ వీధుల్లో చలిలో వేడివేడిగా అది చేతిలో ఉంటే ఇంకేం వద్దనిపించింది, మా ఆయన పుడ్డింగ్ విషయంలో మెత్తబడింది ఆ రోజే.

ఇంకో రెండు చిన్న సంగతులు. మిగిలిపోయినవి మర్నాడు ఓవెన్‌లో మూడు నిమిషాలు వేడి చేసి జామ్ గానీ గోల్డెన్ సిరప్ అనే చక్కెర పాకం గానీ వేసుకుని తినండి, ఇక్కడి పాత ఇళ్ళల్లో అదే పద్ధతి, మైక్రోవేవ్‌లో పెడితే మాత్రం రబ్బరే. ఇక టోడ్ ఇన్ ద హోల్ అని సాసేజ్‌ల మీద ఇదే పిండి పోసి చేస్తారు, దానికి ఈ ట్రే సరిపోదు, లోతైన పెద్ద రోస్టింగ్ టిన్ కావాలి.

7 పౌండ్లకి ఇంతకంటే నేను అడిగేదేం లేదు. ఒక్కరో ఇద్దరో ఉండే ఇంటికి చక్కగా సరిపోతుంది, ఇద్దరుంటే ఒక్కొక్కరికి రెండేసి వస్తాయి. మాకే చిక్కు, పిల్లలిద్దరూ మేమిద్దరమూ కలిసి నలుగురం, మనిషికొకటి చొప్పున మొదటి దఫా అయిపోతుంది, రెండో దఫా అయ్యేసరికి మొదటిది తిని అందరూ ప్లేట్లు పట్టుకుని చూస్తుంటారు, పక్కింటావిడ భోజనానికొచ్చిన రోజున వండినవాళ్ళకి రెండో దఫాలోనే. అత్తయ్య మళ్ళీ మార్చిలో వస్తున్నారు. ఈ శనివారం అదే షాపుకెళ్ళి రెండో ట్రే తెస్తా, ఈసారి కోటింగ్ లేనిది ఉందేమో అడుగుతా.